ఆదిలో విడిచిన కొలుకులు

ధ్యానభాగము: నిర్గమకాండము 26:1–6, ఫిలిప్పీయులకు 1:3–11, హెబ్రీయులకు 12:1–3

కొన్ని సంవత్సరముల క్రిందట వేదాంత అధ్యాపకుల సదస్సొకదానికి నేను కన్యాకుమారి జిల్లాలోని నాగర్‌కోయిలుకు పోవలసివచ్చెను. సదస్సు ముగిసిన సాయంకాలమున స్థానిక సంఘ సభ్యులొకరి యింట మాకు భోజనము ఏర్పాటైయుండెను. ఆ యింటి వసారాలో కిటికీ ప్రక్కన ఒక వృద్ధురాలు గట్టి దిండొకటి ముందు పెట్టుకొని కూర్చుండి, దానిమీద గ్రుచ్చిన గుండుసూదుల నడుమ సన్నని తెల్లని దారములను అటునిటు త్రిప్పుచుండిరి. ప్రతి దారపు కొనకును ఒక చిన్న కర్ర కండె వ్రేలాడుచుండెను. వాటిని బాబిన్లందురు. ఆమె చేతులు కదలినప్పుడెల్ల ఆ కండెలు ఒకదానికొకటి తగిలి గాజుల చప్పుడు వంటి చప్పుడు చేయుచుండెను.

ఆమె ముగించిన చేతిరుమాలొకటి కోడలుగారు తెచ్చి నా చేతికిచ్చిరి. నాలుగు ప్రక్కలను నాలుగు మూలలను చుట్టివచ్చిన లేసు అంచు అది. అచ్చుప్రతులు దిద్ది దిద్ది తప్పు వెదకుట నా కన్నులకు అలవాటైనది. చుట్టివచ్చిన అంచునకు ఎక్కడనో ఒకచోట మొదలును తుదియు కలిసియుండవలెను గదా యని దీపము క్రింద పట్టి చూచితిని. నాకు దొరకలేదు. పెద్దమ్మగారు నవ్వి తమిళమున ఏదో చెప్పగా కోడలుగారు నాకు తెలియజెప్పిరి: “వెదకకండి అయ్యా. అది కంటికి దొరకదు, వ్రేలికి దొరుకుతుంది.” తరువాత రుమాలును తిరుగవేసి నా చూపుడువ్రేలిని ఒక ప్రక్క నడుమకు చేర్చి అదిమిరి. అక్కడ మిగిలిన అంచుకంటె కొంచెము దళసరిగా నుండెను. అంతే.

“ముగింపు ఇంత శుభ్రంగా ఎలా కుదిరిందమ్మా?” అని అడిగితిని. ఆమె చేతులాపకయే ప్రత్యుత్తరమిచ్చిరి: “మొదలుపెట్టిననాడే కుదరాలయ్యా. మొదట్లో బిగించి ముడి వేసేస్తే, చివర ఎంత పనిమంతురాలు వచ్చినా ఏమీ చేయలేదు.” ఆ మాట నన్ను విడువలేదు. ఈ సంవత్సరము మీతో ధ్యానించుటకు నేను తెచ్చినది ఆ మాటయే.

నాగర్‌కోయిలులో ఈ పని ఎట్లు పుట్టినదో కొంచెము చెప్పవలెను. లండను మిషనరీ సంఘము వారి పక్షమున చార్లెస్ మాల్ట్ దొరగారును ఆయన భార్య మార్తా మాల్టమ్మగారును 1819వ సంవత్సరమున తిరువాన్కూరు దేశపు దక్షిణ భాగమునకు వచ్చిరి. బాలికలకు వసతి పాఠశాల నడపుచు మాల్టమ్మగారు 1820లలో వారికి దిండుమీద అల్లు లేసుపని నేర్పిరి. ఆ దినములలో తిరువాన్కూరున దాస్యము చట్టసమ్మతముగానే యుండెను. అది 1855లో గాని రద్దు కాలేదు. బడిలో చేరిన పిల్లలలో దాసజనుల పిల్లలును ఉండిరి. లేసు అల్లి సంపాదించిన కూలితో వారిలో కొందరు తమ విడుదలను తామే కొనుక్కొనిరని మిషను చరిత్రలు చెప్పుచున్నవి. సన్నని దారమునకు అంత బలమున్నదని ఎవరనుకొందురు?

గోదావరి జిల్లాల పాఠకులు ఇక్కడ నన్ను ఆపవచ్చును: “లేసు మాకు తెలియనిదా?” అని. నర్సాపురము చుట్టుపట్ల మన తల్లులును అక్కలును అల్లునది ఒక్క దారముతో, ఒక్క కొంకి సూదితో. అది వేరొక పని. అక్కడ ఉచ్చులోనుండి ఉచ్చు పుట్టును. ఒకచోట ఆగి, మరల మరునాడు అందుకొనవచ్చును. దిండుమీది లేసులో ఉచ్చులుండవు. అనేక దారములు ఒక్కమారే దిగుచు ఒకదానినొకటి దాటి మెలిబడుచు పోవును. చిన్న అంచునకైనను 12 జతలు, అనగా 24 కండెలు అవసరమై యుండును. ఎడమది కుడిదానిమీదుగా దాటుట, కుడిది ఎడమదానిమీదుగా మెలిపడుట: ఈ రెండు కదలికలు తప్ప మూడవది ఆ విద్యలో లేదు. నమూనా ప్రకారము రంధ్రములు పొడిచిన అట్ట దిండుమీద పరచియుండును. అల్లిన దారము జారిపోకుండ ఆ రంధ్రములలో గుండుసూదులు నాటుదురు.

ఇప్పుడు ఆరంభము. దారమును రెండు కండెలకు రెండు కొనలనుండి చుట్టి, నడిమి భాగమును ఒక గుండుసూదికి తగిలింతురు. గనుక ఆరంభమున తెగిన కొన యనునదే లేదు. ప్రతి జతయు ఒకే దారము. 12 జతలకు 12 సూదులు. వాటిని అడ్డముగా తిన్నని వరుసలో నాటరు. ఏటవాలుగా, మెట్లు దిగినట్లు నాటుదురు. తిన్నగా నాటినయెడల మొదలును తుదియు కలిసినచోట గీత గీసినట్లు కంటికి తగులును. ఏటవాలుగా నున్నది నమూనాలో కలిసిపోవును. మూలయొద్ద ఎప్పుడును మొదలుపెట్టరు. అచ్చట అంచు తిరుగును గనుక లాగుడు ఎక్కువ. గుడ్డనేతవలె దట్టముగా అల్లుచోటు చూచి ప్రక్క నడుమ మొదలుపెట్టుదురు. పలుచని వలవంటి చోట కొనలు దాచుటకు స్థలముండదు.

ఇన్ని జాగ్రత్తలలో ముఖ్యమైనది ఇంకొకటి. సూదిచుట్టు తిరిగిన ఆ నడిమి దారమును బిగించరు. సూది తీసివేసినప్పుడు అక్కడ ఒక చిన్న సందు, ఒక కొలుకు, తెరచుకొని మిగులవలెను. నాలుగు ప్రక్కలు తిరిగి వచ్చువరకు దానితో పనిలేదు. చూచువానికి అది అసంపూర్ణముగా, పట్టులేనట్టుగా కనబడును. క్రొత్తగా నేర్చుకొను పిల్లలు దానిని చూచి ఓర్చుకొనలేక బిగించివేయుదురట. “పని మొదలుపెట్టిన గుర్తు గట్టిగా కనబడాలని వాళ్ల ఆశ,” అని పెద్దమ్మగారు అనిరి.

కొలుకు అను మాటను నేను ఊరక వాడలేదు. ప్రత్యక్షగుడారపు తెరలను గూర్చి నిర్గమకాండము 26వ అధ్యాయములో మనము చదువు మాట అది. పది తెరలు, అయిదు ఒక కూర్పు, అయిదు మరియొక కూర్పు. ఒక్కొక్క కూర్పు చివరి తెర అంచున నీలి నూలుతో 50 కొలుకులు. ఆ కొలుకులు ఒకదానికొకటి ఎదురెదురుగా నుండవలెను. తరువాత 50 బంగారు గుండీలు వాటిని కలుపును; అప్పుడు మందిరము ఒక్కటగును. ఈ భాగము మీద ప్రసంగములు చేయువారము సాధారణముగా బంగారు గుండీలయొద్ద ఆగిపోవుదుము. బంగారమునకు గుణార్థము చెప్పుట సులువు. ఆ గుండీ పట్టుటకు ముందుగా ఎవరో ఒకరు నీలి నూలును వంచి, లోపల శూన్యమును విడిచి కుట్టియుండవలెను. కూర్పు ఎదుట కూర్పు నిలువకముందే కొలుకు ఉన్నది. అవతలి తెర ఇంకను మగ్గముమీద నుండగానే ఇవతలి తెర దానికొరకు చోటుంచినది. మందిరము ఒక్కటగుట అను కార్యము ఆ ఖాళీలలో ఆరంభమైనది.

ఇక ఒక మాట. తర్జుమా పనివాడను గనుక మాటల దగ్గర ఆగుట నా బలహీనత, పాఠకులు సహింతురుగాక. ఫిలిప్పీ సంఘమునకు వ్రాయుచు అపొస్తలుడు, వారిలో మంచి కార్యమును మొదలుపెట్టిన దేవుడే క్రీస్తు దినము నాటికి దానిని ముగింపునకు తెచ్చునని తన నిశ్చయతను తెలుపుచున్నాడు. మన తెలుగు బైబిలులో అచ్చట “కొనసాగించు” అను క్రియ యున్నది. నేటి యువకుడు దానిని చదివి, దేవుడు ఆ పనిని జరుపుచునే యుండునని మాత్రము గ్రహించును. ఈ కాలపు వాడుకలో కొనసాగించుట యనగా ఆపకుండుట గదా. పూర్వుల తెలుగులో ఆ మాటను విడదీసి వినవలెను. కొన యనగా తుద. కొన సాగించుట యనగా తుదివరకు తీసికొనిపోవుట, నెరవేర్చుట. హెబ్రీ పత్రిక 12వ అధ్యాయమున యేసుప్రభువు విశ్వాసమునకు కర్తగాను, దానిని కొన సాగించువాడుగాను కనబడుచున్నాడు. అక్కడి గ్రీకు మూలమున “తెలెయోతేస్” అను నామవాచకమున్నది; క్రొత్త నిబంధనలో మరి యెక్కడను ఆ మాట రాదు. తుద ముట్టించువాడు అని దాని భావము. దారపు కొనను పట్టి దాని స్థానమునకు చేర్చువాడని నాకు ఆ వసారాలో వినబడినది.

పౌలు ఫిలిప్పీలో వాడిన ఆరంభించుట, నెరవేర్చుట అను ఆ రెండు క్రియల జత మరి రెండు చోట్ల కనబడును. గలతీయులను గద్దించుచు, ఆత్మచేత మొదలుపెట్టినవారు శరీరముచేత ముగింతురా యని అడిగినచోట ఒకటి. రెండవది ఆశ్చర్యము: కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక 8వ అధ్యాయమున, యెరూషలేములోని బీదల కొరకైన చందా విషయమున. కొరింథువారు ఒక యేడాది క్రిందటనే ఉత్సాహముతో మొదలుపెట్టిరి. డబ్బు మాత్రము పోగు కాలేదు. రక్షణ కార్యమును గూర్చి చెప్పు మాటలనే అపొస్తలుడు చందా సంచికిని ఉపయోగించెను. దేవుని ముగింపును నమ్మువాడు తాను ఒప్పుకొన్న అప్పును సగములో విడువరాదని ఆయన ఉద్దేశము.

ఇక్కడ మన సంఘములను గూర్చి ఒక మాట అనక తప్పదు. దిండు లేసు నేర్చిన దాసబాలికలకు కూలి విడుదలయైనది. అదే శతాబ్దమున మిషనరీల మూలమున మన గోదావరి తీరమునకును లేసు వచ్చినది. అయితే నర్సాపురపు లేసు స్త్రీలను గూర్చి మరియా మీస్ అను పండితురాలు 1982లో ప్రచురించిన గ్రంథము చదివినవారికి సిగ్గు కలుగును. విదేశపు విపణికి సరుకు సిద్ధపరచిన ఆ స్త్రీలు పనివారుగా ఎంచబడక, తీరిక సమయమున ఏదో అల్లుకొను గృహిణులుగా ఎంచబడి, అల్పమైన కూలితో సరిపెట్టుకొనిరని ఆమె చూపెను. మంచి కార్యము మొదలుపెట్టబడినది. దానిని తుద ముట్టించవలసిన చేతులలో మన చేతులును ఉండెను. మన బల్లలమీద పరచిన లేసు గుడ్డలను చూచి మురియుచు, అల్లినవారికి ముట్టినదెంత యని మనము అడిగితిమా?

దిండుయొద్దకు మరల వత్తము. నాలుగవ ప్రక్క ముగియవచ్చినప్పుడు పెద్దమ్మగారు చుట్టి సంచిలో దాచిన మొదటి భాగమును బయటికి తీసి, అట్టమీద అది పుట్టిన రంధ్రములలోనే మరల సూదులతో నాటిరి. ముగింపు తన యిష్టమువచ్చినచోట ముగియదు. ఆరంభమును దాని పూర్వస్థానమునకు తెచ్చి నిలువబెట్టి, దానియొద్దకు పోవలెను. అప్పుడు సన్నని కొంకితో మొదటి కొలుకులో దూర్చి, వచ్చిన జతలో ఒక దారమును చిన్న ఉచ్చుగా పైకి లాగి, రెండవ కండెను ఆ ఉచ్చులోనుండి దాటించి, రెంటిని మెల్లగా బిగించిరి. ఆ మీదట ఒకమారు ఇటు, ఒకమారు అటు, ఎదురుగా రెండు ముడులు. ఇట్లు 12 జతలకు 12 కొలుకులు. ఏ జత ఏ కొలుకునకు చెందునో దానికే. ఒక్కటి తప్పినను మిగిలినవన్నియు ప్రక్కకు జరుగును.

నేను పని అయినదనుకొని, కత్తెర ప్రక్కననే యుండుట చూచి అందించబోతిని. ఆమె చేయి అడ్డుపెట్టిరి. కొనలను వ్రేలెడు పొడవున విడిచి ఒక్కొక్కదానిని సూదికెక్కించి, వెనుకవైపున గుడ్డనేతవంటి దట్టమైన భాగములో పైకి క్రిందికి కొంతదూరము నేసిరి. అయినను కత్తిరింపలేదు. “ఒకసారి ఉతికిన తరువాత కత్తిరిస్తాను,” అనిరి. ముడియొద్దనే కత్తెర పెట్టినది ఆ దినమున అందరికంటె నీటుగా కనబడునట. మొదటి ఉతుకులో ముడి జారును. రెండవ ఉతుకులో అంచు విడిపోవును. అప్పుడు బాగుచేయుటకు పట్టుకొనదగినంత కొనయైనను మిగిలియుండదు.

ప్రియులారా, కత్తెరతో చేసిన ముగింపులు మనలో ఎన్ని లేవు! అన్నదమ్ముల ఆస్తి తగవు పెద్దలయెదుట కాగితముమీద సంతకములతో ముగిసినది. ఆ పండుగనాటినుండి ఈ పండుగవరకు ఒకరి గడప ఒకరు త్రొక్కలేదు. సంఘ ఎన్నికలలో పుట్టిన కక్షను ప్రార్థనతో ముగించితిమని మినిట్సు పుస్తకములో వ్రాసికొంటిమి. ఇవి చూపునకు చక్కగానే యున్నవి. జలము తగులువరకు నిలుచును. కొన దాచుట వేరు, కొన కోయుట వేరు. రెండును పైనుండి ఒకే విధముగా కనబడును గనుకనే మోసపోవుచున్నాము.

ప్రభువు పేతురు విషయమున కత్తెర పట్టలేదు. యోహాను సువార్తలో బొగ్గుల మంటకు వాడిన గ్రీకు మాట క్రొత్త నిబంధనయంతటిలో రెండు చోట్లనే కనబడును. ఒకటి ప్రధానయాజకుని యింటి ముంగిట. చలి కాచుకొనుచు పేతురు తన గురువును ఎరుగనన్నచోట. రెండవది తిబెరియ సముద్రతీరమున. పునరుత్థానుడైన ప్రభువు చేపలు కాల్చి శిష్యులను పిలిచినచోట. పేతురు జీవితములో తెగిన చోటునే ప్రభువు మరల తెచ్చి నిలువబెట్టి, మూడుమారులు బొంకిన నోటనే మూడుమారులు ప్రేమను పలికించెను. పాత సంగతి విడిచిపెట్టుమని ఆయన చెప్పలేదు. అక్కడే, ఆ బొగ్గుల యెదుటనే, కొలుకులో కొంకి దూర్చెను. చివర ఆయన పలికినది గలిలయ తీరమున మొదటిసారి పలికిన పిలుపే: తనను వెంబడించుమని. మూడేండ్లకు ముందు ఆ పిలుపులో విడిచిన ఖాళీ అప్పటివరకు మూయబడక వేచియున్నది.

ఈ పుటలు చదువువారిలో తెగిన దారమును చేతపట్టుకొని కూర్చున్నవారును ఉందురు. బిడ్డను పోగొట్టుకొన్న తండ్రియో, నడియీడున భర్తను మట్టికప్పగించిన తల్లియో. వారికి లేసు ముగింపును గూర్చి చెప్పుట తేలిక మాట కారాదు. వ్యాధిగ్రస్తుడైన హిజ్కియా రాజు, నేతపనివాడు బట్టను చుట్టినట్లు తన బ్రదుకు చుట్టబడినదనియు, మగ్గముమీద మిగులు నూలుపోచలనుండి తాను కోయబడుచున్నాననియు మొఱ్ఱపెట్టెను. యెషయా 38వ అధ్యాయపు మొఱ్ఱ అది. యోబు ఇంకను చేదుగా పలికెను: తన దినములు నేతగాని నాడెకంటె వేగముగా పరుగెత్తి, “తిక్వా” లేకయే తీరిపోవుచున్నవని. హెబ్రీ భాషలో ఆ మాటకు నిరీక్షణ అని అర్థము. దారము అనియు అర్థము. నాడెను గూర్చి మాటలాడుచున్నవాడు గనుక యోబు రెండర్థములను ఎరిగియే పలికెనని నా నమ్మకము. దారము అయిపోయినది, ఆశయు అయిపోయినది. తెలుగులో రెంటిని ఒక్క మాటలో చెప్పుటకు నేను ఇరువది యేండ్లుగా వెదకుచున్నాను. యెరికోలో రాహాబు తన కిటికీకి కట్టిన ఎఱ్ఱని దారమునకును అదే మాట.

ఆ తల్లికి, ఆ తండ్రికి నేను చెప్పగలిగినది హెబ్రీ పత్రిక 11వ అధ్యాయపు చివరి వచనములో నున్నది. విశ్వాసమునందు మృతినొందిన పూర్వులందరును వాగ్దానఫలమును పొందక వేచియున్నారు; మనము లేకుండ వారికి సంపూర్ణత కలుగకుండునట్లు దేవుడు ఏర్పాటుచేసెను. వారి అంచు మన అంచుకొరకు తెరచియున్నది. చిన్నవాడు నాలుగు ప్రక్కలు తిరుగకమునుపే పోయెనని మనకు కనబడుచున్నది. వాని కండె బరువు ఎంతయో, కొలుకు ఎచ్చట విడువబడినదో తెలిసినవాడు ఒకడున్నాడు. ఇంతకంటె వివరముగా చెప్పుటకు నాకు ధైర్యము చాలదు. చెప్పువారిని నేను అంతగా నమ్మను.

ఇంతవరకు ఇతరుల సంగతి చెప్పితిని. నా సంగతి దాచుట న్యాయము కాదు. నాకంటె పదియేండ్లు పెద్దవారైన ఒక పండితునితో కలిసి, హెబ్రీ పత్రికమీది వ్యాఖ్యానమొకదానిని నేను తెలుగు చేయ మొదలుపెట్టితిని. నేను ఆయనను అన్నయ్యా యని పిలిచెడివాడను. రూళ్ల పుస్తకములో పుటను నిలువుగా మడిచి ఎడమవైపు ఆయన, కుడివైపు నేను వ్రాయుట మా పద్ధతి. ఆరవ అధ్యాయమువరకు సాగినది. తరువాత ఒక పదమును గూర్చి మాట పెరిగెను. పదము నెపము, అసలు సంగతి ఎవరి మాట నెగ్గవలెనన్నది. మిగిలిన దానిని నేను ఒంటరిగా ముగించి నా పేరిట అచ్చువేయించితిని. పీఠికలో ఆయన “తొలి దినముల సహాయమునకు” కృతజ్ఞతలని ఒక్క పంక్తి వ్రాసితిని. ఎంత నీటైన పంక్తి! నలుగురు మెచ్చుకొనిరి. ముడియొద్ద కత్తెర పెట్టుట అనగా ఏమియో, తొమ్మిదేండ్ల తరువాత ఒక వృద్ధురాలు నా చేయి అడ్డగించిన దినమువరకు నాకు తెలియలేదు.

తిరిగివచ్చిన పిమ్మట ఉత్తరము వ్రాయబోయి రెండు మారులు చింపివేసితిని. ఆయన జబ్బుపడి ఆసుపత్రిలో నున్నారని తెలిసి, మాట సిద్ధపరచుకొనకయే వెళ్లితిని. ఆయన మంచముమీద దిండ్లకు చేరగిలబడి యుండిరి. నన్ను చూచి ఆశ్చర్యపడినట్లు కనబడలేదు. “వచ్చావా తమ్ముడూ,” అని, మంచము ప్రక్కనున్న సంచి అందుకొమ్మని సైగ చేసిరి. అందులో రూళ్ల పుస్తకములు నాలుగు. ఏడవ అధ్యాయమునుండి పదమూడవదానివరకు మొత్తము ఆయన తర్జుమా. తీరికగా, కొట్టివేతలతో, ఏండ్ల తరబడి చేసిన పని. ప్రతి పుటయు నిలువుగా మడిచియుండెను. కుడివైపంతయు తెల్లగా నుండెను.

“నీ వైపు నేను ముట్టుకోలేదు,” అనిరి.

నేను క్షమాపణ చెప్పబోగా ఆయన చేయి ఎత్తి, పన్నెండవ అధ్యాయము తీయుమనిరి. రెండవ వచనమునొద్ద ఎడమవైపున “కొనసాగించువాడు” అని వ్రాసి, కొట్టివేసి, మరల అదే వ్రాసి, ప్రక్కన ప్రశ్నార్థకము పెట్టియుండెను. “ఇది ఈ కాలపు పిల్లలకు తెలియదు తమ్ముడూ. నువ్వైతే ఏమంటావు?” నేను నా కలము తీసి కుడివైపున వ్రాయబోతిని. చేయి వణకినది. రెండు మాటలు వ్రాసితిని. ఆయన కళ్లద్దములు పెట్టుకొని చదివి, రెండవదానిక్రింద గోటితో గీసిరి. నర్సు వచ్చి కాలము మించినదని చెప్పువరకు ఆ ఒక్క వచనమునొద్దనే యుంటిమి. పీఠికను గూర్చి ఆయన అడుగలేదు. నేనే చెప్పితిని. తల ఊపి, “తరువాతి అచ్చులో చూద్దాం,” అనిరి.

లేచునప్పుడు మొదటి పుస్తకము, మేమిద్దరము వ్రాసినది, నాయొద్దనే యున్నదా యని అడిగిరి. ఉన్నదని చెప్పితిని. ఆదివారము ఆరాధన అయిన తరువాత అదికూడ తెమ్మనిరి. తీసికొనిపోతిని.